కారు లోన్‌లో రెండో సంతకం మావయ్యది: ఆయన పోయాక జరిగిన కేసు

పేర్లు, బ్యాంకు పేరు రాయడం లేదు. వరసలతోనే చెప్తాను. మన ఊళ్లలో ఇలాంటి లోన్లు నడిచేది కూడా వరసల మీదే.

మేనల్లుడికి 29 ఏళ్లు. విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో సెల్‌ఫోన్ యాక్సెసరీస్ షాపు. వ్యాపారం బాగానే నడుస్తుంది కానీ వచ్చేదంతా ఫోన్‌పేలోనూ గల్లాపెట్టెలోనూ ఉంటుంది. ఐటీ రిటర్న్ వేసింది ఒక్క ఏడాదికే. అంతకుముందు ఏ లోనూ తీసుకోలేదు కాబట్టి సిబిల్ స్కోరే (అప్పులు ఎలా కట్టామో చూపే మార్కు) లేదు. కారు కొనడానికి వెళ్తే, షోరూంలోనే టేబుల్ వేసుకుని కూర్చున్న ప్రైవేటు బ్యాంకు కుర్రాడు "నెల జీతం వచ్చేవాళ్లెవరైనా ఒక సంతకం పెడితే చాలు సార్, రేపటికల్లా శాంక్షన్" అన్నాడు. గుంటూరులో మేనమామ ఉన్నారు. ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్, 54 ఏళ్లు. అక్క కొడుకు అడిగితే మాస్టారు కాగితాలు చదవకుండానే, అడిగిన చోటల్లా సంతకం పెట్టి వచ్చారు.

లోన్ 6,50,000 రూపాయలు, 60 నెలలు, పదిన్నర శాతం ఫిక్స్‌డ్ వడ్డీ. ఈఎంఐ 13,971. ఆర్‌సీ మేనల్లుడి పేరు మీద ఉంది, దాని మీద బ్యాంకు హైపోథికేషన్ (అప్పు తీరేదాకా కారు బ్యాంకుకు తాకట్టు అనే నమోదు) ఉంది. ఈఎంఐ కట్ అయ్యేది మాత్రం మాస్టారి జీతం పడే ఖాతా నుంచి. అది వేరే బ్యాంకులో, ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉంది. ఆదాయం చూపించింది ఆయనే కాబట్టి ఆటోడెబిట్ కూడా ఆయన ఖాతాకే పెట్టించుకున్నారు. మేనల్లుడు ప్రతి నెలా రెండో తేదీనో మూడో తేదీనో మావయ్య ఖాతాకి 14 వేలు ఫోన్‌పే చేసేవాడు. అయిదో తేదీన ఈఎంఐ పోయేది. పదహారు ఈఎంఐలు ఒక్కరోజు కూడా ఆలస్యం లేకుండా వెళ్లాయి.

జూన్‌లో పదహారో ఈఎంఐ వెళ్లిన వారానికి మాస్టారు గుండెపోటుతో పోయారు.

ఇలాంటి లోన్ తగాదాలు నా దగ్గరికి వస్తుంటాయి కాబట్టి, లోన్‌లో ఉన్న మనిషి పోతే చట్టం ఏమంటుందని నన్ను చాలామంది అడుగుతారు. దానికి జవాబు చెప్తాను. అయితే ఈ కేసు నా దగ్గరికి వచ్చేలా చేసింది చట్టం కాదు, ఈఎంఐ కట్ అయ్యే ఖాతా.

పెన్షన్ కాగితాలు కదపాలంటే బ్యాంకుకు చెప్పాలి. మాస్టారి భార్య మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని బ్రాంచికి వెళ్లి చెప్పారు. వాళ్లు చేయాల్సిందే చేశారు: ఖాతాలో డెబిట్లు ఆపేశారు. అంటే డబ్బు లోపలికి వస్తుంది, బయటికి పోదు. జూలై 3న మేనల్లుడు ఎప్పటిలాగే 14 వేలు పంపాడు, "సక్సెస్" అని వచ్చింది. 5న ఈఎంఐ బౌన్స్ అయింది. బౌన్స్ మెసేజ్ వెళ్లింది మాస్టారి నంబరుకు. ఆ ఫోను స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టేశారు.

తర్వాత వారం, సరిగ్గా మాసికం రోజున, వసూళ్ల ఏజెంట్ ఇంటి ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేశాడు. బంధువులు భోజనాలకు కూర్చునే వేళ. "మీ ఆయన కారు లోన్ కట్టడం లేదు, మీరు కడతారా, కారు ఎత్తుకుపొమ్మంటారా" అన్నాడట. ఆమె అది విని వంటింట్లోకి వెళ్లి కూర్చుండిపోయింది. మేనల్లుడు అదే ఇంట్లో, పక్క గదిలో వడ్డిస్తున్నాడు. అతన్ని అడగలేదు. అడగడానికి నోరు రాలేదంది తర్వాత. "ఆయన పోగానే కట్టడం మానేశాడేమో అనిపించింది మేడం. చావింట్లో డబ్బు మాట ఎలా ఎత్తను?" రాత్రికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుక్కి మాత్రం చెప్పింది. వాడూ మనసులో పెట్టుకున్నాడే తప్ప బావకి ఫోన్ చేయలేదు.

ఆగస్టు 5న రెండోది కూడా బౌన్స్ అయింది. ఆ నెలా మేనల్లుడు 14 వేలు పంపాడు, ఆ నెలా సక్సెసే వచ్చింది. ఆగస్టు 20 దాటాక బ్యాంకు ఉత్తరం విజయవాడ చిరునామాకు వచ్చిన రోజునే హైదరాబాద్ నుంచి బావమరిది ఫోన్ కూడా వచ్చింది. ఆ ఫోన్లో ఇద్దరూ అనుకున్న మాటలు రాయక్కర్లేదు. మర్నాడు మేనల్లుడు, వాళ్లమ్మ, అంటే మాస్టారి అక్క, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు ప్రింటు తీయించుకుని నా ఆఫీసుకు వచ్చారు.

మొదట డబ్బు, తర్వాత వాదన

మొదటి బౌన్స్ నుంచి అప్పటికి 50 రోజులు దాటింది. 30 రోజులు దాటితే బ్యాంకు లెక్కల్లో ఖాతా హెచ్చరిక జాబితాలో ఒక మెట్టు ఎక్కుతుంది, 60 దాటితే ఇంకో మెట్టు, 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఎన్‌పీఏ అయ్యాక మాట్లాడటం వేరు, కాకముందు మాట్లాడటం వేరు. అందుకే ఆ రోజు సెక్షన్లు ఏవీ తీయలేదు. షాపు డబ్బులోంచి రెండు ఈఎంఐలు, బౌన్స్ చార్జీలు, ఆలస్య రుసుము లోన్ ఉన్న బ్రాంచిలోనే కట్టించి రసీదు తీసుకున్నాం. సెప్టెంబర్ నుంచి ఈఎంఐ మేనల్లుడి సొంత ఖాతా నుంచి వెళ్లేలా కొత్త ఈ-నాచ్ మాండేట్ (ఆటోడెబిట్ అనుమతి) పెట్టించాం. ఆలస్య రుసుమును అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. స్టేట్‌మెంట్‌లో అలా వేయలేదని చూసుకున్నాకే బయటికి వచ్చాం.

మాస్టారి ఖాతాలో ఇరుక్కున్న 28 వేల సంగతి వేరు. ఆ ఖాతాకు భార్య నామినీ. నామినీ ఉంటే వారసత్వ ధ్రువీకరణ కోసం కోర్టుకు పోనక్కర్లేదు. క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువీకరణ పత్రం, గుర్తింపు కాగితాలు ఇస్తే చాలు. ఆమెకు ఆ డబ్బు వచ్చాక అందులో 28 వేలు మేనల్లుడికి తిరిగి ఇచ్చింది. స్క్రీన్‌షాట్లు చూశాక అడగకుండానే ఇచ్చింది.

ఆయన ఏ హోదాలో సంతకం పెట్టారు

మనవాళ్లు అందరినీ కలిపి "షూరిటీ" అంటారు. ఫైలులో మాత్రం అవి వేర్వేరు. అందుకే లోన్ అగ్రిమెంట్ కాపీ కోసం బ్రాంచికి రాతపూర్వకంగా అడిగాం. వచ్చిన కాపీలో మాస్టారి పేరు గ్యారంటర్ గడిలో లేదు, "కో-అప్లికెంట్" గడిలో ఉంది. అంటే సహ రుణగ్రహీత. ఆయన అప్పుకు హామీ ఇచ్చిన మనిషి కాదు, అప్పు తీసుకున్న ఇద్దరిలో ఒకరు.

దీనివల్ల వచ్చే తేడా ఇది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు కలిసి మాట ఇస్తే, ఆ ఇద్దరిలో ఎవరి దగ్గర నుంచైనా మొత్తం రాబట్టుకునే హక్కు అప్పిచ్చినవాడికి ఉంది. 42వ సెక్షన్ ప్రకారం ఒకరు చనిపోతే, బతికున్నవాడూ, పోయినవాడి వారసులూ కలిసి ఆ బాధ్యత మోస్తారు. కారు మేనల్లుడిదే, మాస్టారు మాట సాయం చేశారంతే అని కుటుంబంలో అందరికీ తెలుసు. బ్యాంకు మీద మాత్రం ఆ మాట పనిచేయదు. ఇద్దరూ అప్పుదారులుగా సంతకం పెట్టి, తమలో తాము ఒకరు హామీదారు అనుకుంటే, ఆ ఏర్పాటు అప్పిచ్చినవాడికి తెలిసినా సరే అతన్ని కట్టిపడేయదని 132వ సెక్షన్ చెప్తుంది.

ఒకవేళ ఆయన గ్యారంటరే అయ్యుంటే? హామీ ఇచ్చినవాడు చనిపోతే హామీ రద్దవుతుందని 131వ సెక్షన్‌లో ఉందని కొందరు చెప్తుంటారు. ఉంది, కానీ అది కొనసాగుతూ ఉండే హామీలకు, అందులోనూ ఇక ముందు జరగబోయే లావాదేవీలకు మాత్రమే. అవసరమైనప్పుడల్లా తీసుకుంటూ ఉండే ఓవర్‌డ్రాఫ్టుకు అది పనికొస్తుంది. కారు లోన్ మొత్తం మొదటి రోజే షోరూంకు వెళ్లిపోయింది. ఇక ముందు జరగబోయే లావాదేవీ అంటూ ఏమీ మిగల్లేదు. కాబట్టి గ్యారంటర్ పోయినా అప్పటికే ఉన్న బాకీకి ఆయన ఆస్తి బాధ్యత వహిస్తుంది.

ఇంకో రకం కూడా ఉంటుంది: ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉందో ఆయనే పోవడం. అప్పుడు లోన్‌తో పాటు రవాణా శాఖ పని కూడా పడుతుంది. యజమాని చనిపోయిన సంగతి 30 రోజుల్లో తెలపాలి, వాహనం వాడుతున్న వారసుడు మూడు నెలల్లో ఫారం 31తో బదిలీకి దరఖాస్తు చేయాలి, ఫైనాన్సర్ అంగీకారం కావాలి. మోటారు ఇన్సూరెన్స్ పాలసీ కూడా మరణం తర్వాత మూడు నెలలో, లేదా పాలసీ గడువు తీరే దాకానో, ఏది ముందైతే అంతవరకే నడుస్తుంది. ఈ కేసులో ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండూ మేనల్లుడివే కాబట్టి ఆ తలనొప్పి లేదు.

అత్తయ్య పెట్టబోయిన సంతకం

ఈ కేసులో నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది ఇదే.

బకాయి కట్టేశాక కూడా బ్యాంకు వదల్లేదు. "కో-అప్లికెంట్ మరణించినందున 15 రోజుల్లో ప్రత్యామ్నాయ కో-అప్లికెంట్‌ను చూపించాలి, లేదా లోన్ మొత్తం చెల్లించాలి" అని ఈమెయిల్ పంపింది. ఆ మర్నాడే గుంటూరులో మాస్టారి ఇంటికి ఒక కుర్రాడు ఫారం పట్టుకుని వచ్చాడు. "ఏం లేదమ్మా, ఫార్మాలిటీ. సార్ పేరు స్థానంలో మీ పేరు వస్తుంది. పెట్టకపోతే మీ పెన్షన్‌కి ఇబ్బంది అవుతుంది" అన్నాడు. ఆవిడ కళ్లజోడు కోసం లేచి లోపలికి వెళ్లింది. ఆ గ్యాప్‌లో అక్కడే ఉన్న ఆడపడుచు, అంటే మేనల్లుడి తల్లి, నాకు ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్లో పెట్టమన్నాను. ఆ ఫారం పైన ఏముందో చదవమంటే ఆ కుర్రాడు చదవలేదు, రేపు వస్తానని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ సంతకానికి అంత కంగారు ఎందుకంటే, చనిపోయినవాడి అప్పుకు వారసుల బాధ్యత ఆయన నుంచి వాళ్ల చేతికి వచ్చిన ఆస్తి ఎంతో అంతవరకే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్ల సారం ఇదే. మాస్టారికి గుంటూరులో చిన్న ఇల్లుంది, అది ఆయన ఆస్తి. దావా వేసి డిక్రీ తెచ్చుకుంటే బ్యాంకు దాని మీదికి రాగలదు. ఇది దాచిపెట్టాల్సిన సంగతి కాదు, ఆవిడకి మొదటే చెప్పాను. కానీ ఆవిడ సొంత బంగారం, సొంత డబ్బు, రేపు ఆవిడ సంపాదించేది, వీటి మీద బ్యాంకుకు హక్కు లేదు. కొత్త ఫారం మీద సంతకం పెట్టిన క్షణాన ఆ గీత చెరిగిపోతుంది. ఆవిడే అప్పుదారు అవుతుంది, పూర్తిగా, సొంతంగా.

పెన్షన్ మాట ఉత్త బెదిరింపు. మాస్టారు 2004 సెప్టెంబర్‌కు ముందు సర్వీసులో చేరారు కాబట్టి పాత పెన్షన్ విధానంలో ఉన్నారు. ఫ్యామిలీ పెన్షన్ ఆయన వదిలిపోయిన ఆస్తి కాదు, భార్యగా ఆవిడకు ఉన్న సొంత హక్కు. ప్రభుత్వ పెన్షన్, గ్రాట్యుటీ, జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల భవిష్య నిధి) డబ్బును అప్పుల కింద జప్తు చేయకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడుతుంది. లోన్, జీతం ఖాతా ఒకే బ్యాంకులో ఉండుంటే ఖాతాలో మిగిలిన డబ్బును పట్టి ఉంచే ప్రయత్నం చేసేవాళ్లు. రెండూ వేర్వేరు బ్యాంకులు కావడం ఇక్కడ కలిసొచ్చింది.

కొడుకు సంగతి కూడా తేల్చాల్సి వచ్చింది. "నాన్న అప్పు నేను కట్టకపోతే లోకం ఏమనుకుంటుంది" అని ఫోన్లో అన్నాడు. లోకం సంగతి నాకు తెలియదు కానీ చట్టం మారింది. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అనే పాత హిందూ న్యాయ సూత్రాన్ని పట్టుకుని కొడుకు మీదికి పోవడాన్ని 2005 సెప్టెంబర్ 9 నుంచి కోర్టులు ఒప్పుకోవు. హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్ సవరణ అది. ఆ తేదీ తర్వాత చేసిన అప్పుకు కొడుకు బాధ్యత కూడా తల్లి బాధ్యత లాంటిదే: వారసత్వంగా వచ్చిన భాగం వరకే.

బ్యాంకుకు రాసిన ఉత్తరం

అగ్రిమెంట్‌లో ఒక నిబంధన ఉంది. అప్పుదారుల్లో ఎవరైనా చనిపోవడాన్ని "డిఫాల్ట్ సంఘటన"గా లెక్కించవచ్చు, అప్పుడు బ్యాంకు మొత్తం అడగవచ్చు అని. చాలా కారు లోన్ అగ్రిమెంట్లలో ఇలాంటిది ఉంటుంది. కాబట్టి "మీకు అడిగే హక్కే లేదు" అని రాస్తే అది నిలబడదు. హక్కు ఉన్నా వాడుకోవాల్సిన అవసరం లేదని చూపించాలి.

ఉత్తరంలో రాసింది ఇంతే: బకాయిలు పూర్తిగా కట్టేశాం, రసీదు జత చేశాం. కొత్త మాండేట్ రిజిస్టర్ అయింది. బతికున్న అప్పుదారు మొత్తం బాకీకి బాధ్యుడు, దాన్ని ఒప్పుకుంటున్నాడు. కారు ఆయన దగ్గరే ఉంది, బ్యాంకు హైపోథికేషన్ అలాగే ఉంది. లోన్ ఇచ్చినప్పుడు లేని ఇంకో ఏడాది ఐటీ రిటర్న్ ఇప్పుడు ఉంది, అది కూడా జత చేశాం. ఈ లోన్‌తో పాటు మీరే చేయించిన ఇన్సూరెన్స్ కింద క్లెయిమ్ వేస్తున్నాం, అది తేలే వరకు, మొత్తం ఒకేసారి కట్టమన్న రీకాల్ నోటీసు పక్కన పెట్టండి. మాస్టారి భార్య గానీ, కొడుకు గానీ కొత్తగా ఏ కాగితం మీదా సంతకం పెట్టరు, వాళ్లకు ఫోన్లు చేయవద్దు.

చివరి పేరాలో ఏజెంట్ గురించి రాశాం. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూళ్ల ఫోన్లు వద్దని, బెదిరించవద్దని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. చావు లాంటి సందర్భాల్లో ఫోన్లు, ఇంటికి రావడాలు మానుకోవాలని బ్యాంకుల సంఘం నమూనా వసూళ్ల విధానంలోనే ఉంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్తామని ముగించాం. దానికి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. కారు ఎత్తుకుపోతామనే మాటకు కూడా సుప్రీం కోర్టు 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో చెప్పింది గుర్తు చేశాం: వసూలుకు మనుషుల బలం వాడే పద్ధతి కుదరదని.

అంబుడ్స్‌మన్ దాకా పోవాల్సిన అవసరం రాలేదు. క్లెయిమ్ తేలే వరకు లోన్ ఇప్పుడున్న అప్పుదారుతోనే కొనసాగుతుందని జవాబు వచ్చింది.

కవరు వెనక్కి మడిచి పెట్టిన కాగితం

"మీరే చేయించిన ఇన్సూరెన్స్" అని ఉత్తరంలో ధైర్యంగా రాయడానికి కారణం ఆ ముందు రోజు దొరికిన ఒక కాగితం. లోన్ స్టేట్‌మెంట్‌లో మొదటి నెలలోనే 19 వేల చిల్లర ఒక డెబిట్ ఉంది, లోన్ మొత్తంలోనే కలిపేసింది. మేనల్లుడు అది ప్రాసెసింగ్ ఫీజు అనుకున్నాడు. అంత ఫీజు ఉండదు. ఆ మాటే అడిగితే మాస్టారి భార్య ఇంట్లో వెతికింది. బ్యాంకు వెల్కమ్ కిట్ కవరులో, వెనక్కి మడిచి, సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ ఉంది. గ్రూప్ క్రెడిట్ లైఫ్ పాలసీ, అంటే బీమా ఉన్న అప్పుదారు పోతే లోన్ బాకీ తీర్చే బీమా. బీమా చేసిన వ్యక్తి పేరు దగ్గర మాస్టారి పేరు, నామినీ దగ్గర ఆవిడ పేరు.

సాధారణంగా ఇలాంటి బీమా మొదటి అప్పుదారు పేరు మీద ఉంటుంది. రెండో మనిషి పోతే పైసా రాదు. ఇక్కడ ఎవరి ఆదాయం చూసి లోన్ ఇచ్చారో ఆయన్నే బీమా చేశారు. అది ఆలోచించి చేశారో, షోరూం హడావిడిలో అలా పడిందో తెలియదు. కారు లోన్ తీసుకున్న ప్రతివాళ్లూ ఈ ఒక్క కాగితం తీసి బీమా ఎవరి పేరు మీద ఉందో చూసుకోవాలి. చాలామంది చూడరు.

క్లెయిమ్ సాఫీగా పోలేదు. పాలసీకి మూడేళ్లు నిండకముందు మరణం సంభవిస్తే, బీమా చట్టం 45వ సెక్షన్ కింద ఆరోగ్యం గురించి తప్పు చెప్పారా అని కంపెనీ విచారించవచ్చు. మూడేళ్లు దాటితే ఆ కారణంతో ప్రశ్నించలేదు. ఇక్కడ పాలసీకి ఏడాదిన్నర కూడా కాలేదు. విచారణకు వచ్చినతను బీపీ మాత్రల గురించి అడిగాడు. ఆరోగ్య ప్రకటనలో అన్ని గళ్లలోనూ "లేదు" అని టిక్ పెట్టి ఉంది, పెట్టింది మాస్టారో షోరూం కుర్రాడో ఎవరికీ తెలియదు. ఆవిడ భయపడింది. మందుల చీటీలన్నీ ఒక పాలిథిన్ కవర్లో ఉన్నాయి, మాస్టార్లకు కాగితం పారేసే అలవాటు ఉండదు. తేదీల వారీగా పేర్చి చూస్తే, బీపీ అని డాక్టర్ మొదటిసారి రాసింది బీమా మొదలైన నాలుగు నెలల తర్వాత. అంతకుముందు చీటీలన్నీ జలుబు, మోకాళ్ల నొప్పులు. ఆ కవరు మొత్తం జిరాక్స్ తీయించి ఇచ్చాం.

నవంబర్ చివర్లో క్లెయిమ్ వచ్చింది. ఎంత వచ్చిందన్నది ఈ లెక్కలో ఆసక్తికరమైన భాగం. ఈ రకం పాలసీల్లో బీమా మొత్తం నెలనెలా తగ్గుతుంది. లోన్ షెడ్యూల్ ప్రకారం చనిపోయిన నాటికి ఎంత బాకీ ఉండాలో అంత. పదహారు ఈఎంఐల తర్వాత అది సుమారు 5,08,000. బకాయి పడ్డ నెలల చార్జీలు దాని కిందికి రావు. ఈలోగా మేనల్లుడు జూలై నుంచి నవంబర్ దాకా అయిదు ఈఎంఐలు కట్టాడు కాబట్టి లోన్‌లో నిజంగా మిగిలింది సుమారు 4,60,000. బ్యాంకు తనకు రావాల్సినంత మాత్రమే తీసుకుంటుంది, మిగతాది నామినీది. సుమారు 48 వేలు మాస్టారి భార్య ఖాతాలో పడ్డాయి. ఈఎంఐలు కట్టిన మేనల్లుడికి కాదు.

కారు ఎవరిది

లోన్ తీరింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

బావమరిది అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "నాన్న ప్రాణం మీద వచ్చిన డబ్బుతో నీ కారు అప్పు తీరిపోయింది. మరి మాకేంటి?" మేనల్లుడి జవాబు కూడా కొట్టిపారేసేది కాదు: "ఆ ప్రీమియం లోన్‌లో కలిపారు. ఆ లోన్ కట్టింది నేను. నా డబ్బుతో కొన్న బీమా అది."

కోర్టుకు వెళితే ఇద్దరికీ వాదించడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. సహ అప్పుదారుల్లో ఒకరు తన వాటాకు మించి కడితే రెండోవాడి నుంచి రాబట్టుకోవచ్చని కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ అంటుంది. తమలో తాము హామీదారు అయినవాడు కడితే అసలు అప్పుదారు ఆ మొత్తం తిరిగి ఇవ్వాలని అదే చట్టం 145వ సెక్షన్ అంటుంది. బీమా సొమ్ము ఆ "కట్టడం" కిందికి వస్తుందా అన్నదాని మీద మంచి లాయర్లు ఇద్దరు మూడేళ్లు వాదించగలరు. గుంటూరు కోర్టులో ఒకటి, విజయవాడలో ఒకటి వేసుకుంటే ఇంకా ఎక్కువే.

నా అభిప్రాయం మేనల్లుడికి మొహం మీదే చెప్పాను. చట్టం నిన్ను కట్టమని బలవంతం చేయకపోవచ్చు. కానీ మావయ్య సంతకం లేకపోతే ఆ లోన్ లేదు, ఆ లోన్ లేకపోతే ఆ బీమా లేదు. ఆయనకు ఈ కారు వల్ల వచ్చిందేమీ లేదు. ఆయన పోకపోయుంటే ఈ 4,60,000 నువ్వే కట్టేవాడివి. ప్రీమియం నీదే, దాన్ని తగ్గించుకో, కాదనను.

వాళ్లమ్మ దీనికి అడ్డుపడుతుందనుకున్నాను. "మా తమ్ముడి డబ్బు తిని కారెక్కితే నాకు నిద్ర పట్టదురా" అని ఆవిడే మొదట అంది.

ఇద్దరు పెద్దమనుషుల సమక్షంలో మాస్టారి ఇంట్లోనే కూర్చున్నారు. అత్తయ్య మొదట ఏమీ వద్దంది. "ఆయన ఇష్టపడి పెట్టిన సంతకం నాయనా, దానికి లెక్కలేంటి" అంది. కొడుకు ఒప్పుకోలేదు. చివరికి మూడు లక్షలకు కుదిరింది: నెలకు 10 వేల చొప్పున 30 నెలలు, మేనల్లుడి ఖాతా నుంచి నేరుగా అత్తయ్య ఖాతాకి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. ఒకరి మీద ఒకరికి ఈ లోన్ విషయంలో ఇంకే హక్కూ లేదని, ఇది అప్పు పత్రం కాదు కుటుంబ ఒప్పందమని స్టాంపు పేపరు మీద రాసి అందరూ సంతకాలు పెట్టారు. ఆవిడ సంతకం పెట్టే ముందు మొత్తం పైకి చదివించుకుంది, రెండుసార్లు.

బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), రెండు కాపీల ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఆర్‌సీ మీద హైపోథికేషన్ కొట్టేయించాడు మేనల్లుడు. లోన్ క్లోజ్ అయిన తర్వాత కూడా సిబిల్‌లో ఖాతా ఓపెన్‌గా కనిపించింది. సరిదిద్దమని ఫిర్యాదు పెట్టాం. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు పరిహారం ఇవ్వాలనే నిబంధన ఇప్పుడుంది. ఆ గడువులోనే మార్చారు.

జూలై, ఆగస్టు ఆలస్యం మాత్రం రిపోర్టులో అలాగే ఉంది. అది తప్పుడు ఎంట్రీ కాదు, ఈఎంఐ నిజంగానే వెళ్లలేదు. కాబట్టి తీసేయమని అడిగే ఆధారం లేదు. 36 నెలల పాటు ఎవరు రిపోర్టు తీసినా కనిపిస్తుంది. షాపు పెద్దది చేయడానికి ఒక బ్యాంకులో ముద్రా లోన్‌కు దరఖాస్తు చేస్తూ, డెబిట్లు ఆగిన ఖాతా స్టేట్‌మెంట్, ఫోన్‌పే రసీదులు, మరణ ధ్రువీకరణ పత్రం కలిపి ఒక వివరణ ఉత్తరం జత చేశాడు. మేనేజర్ ఆ ఉత్తరం చదివి, ఈసారి కో-అప్లికెంట్ ఎవరని అడిగాడట. భార్య పేరు చెప్పి, ఈఎంఐ తన ఖాతా నుంచే పోవాలని ఫారం మీద రాయించుకుని వచ్చాడు.